రెండు పళ్ళ తేడా

మోటారు సైకిలు చైనుకి రెండు చివర్లా రెండు పళ్ళ చక్రాలు ఉంటాయి. చిన్నది గేర్‌బాక్సు దగ్గర, పెద్దది వెనక చక్రానికి. వీటిని స్ప్రాకెట్లు అంటారు. రాజమండ్రిలో మెకానిక్కులు "చైన్ సాకెట్" అంటారని మా మావయ్య చెప్పారు. నేను స్ప్రాకెట్ అనే రాస్తాను. మధ్య మధ్యలో పళ్ళ చక్రం అని కూడా రాస్తాను, ఎందుకంటే ఆ మాట నాకు చాలా నచ్చింది. చక్రానికి పళ్ళు ఉన్నాయనగానే అది ఏం పని చేస్తుందో తెలిసిపోతుంది: చైనుని కరుస్తుంది.

ముందున్న చిన్న చక్రానికి ఒకటో రెండో పళ్ళు పెంచితే, అదే వేగంలో ఇంజను తక్కువ సార్లు తిరుగుతుంది. పికప్ కొంచెం తగ్గుతుంది, కానీ పెద్ద రోడ్డు మీద బండి నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంటుంది. లెక్క ఇంతే. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఆ రెండు పళ్ళు కావాలనుకున్నారో చూస్తే అది రోడ్ల చరిత్ర అవుతుంది. ఈసారి దాని గురించే రాస్తున్నాను.

మొదట్లో పళ్ళూ లేవు, చైనూ లేదు. 1870ల్లో ఇంగ్లండులో తిరిగిన ఆ పెద్ద చక్రం సైకిలు బొమ్మ మీరు చూసే ఉంటారు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనక చక్రం పళ్ళెమంత. పెడలు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉండేది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. మరి వేగంగా పోవాలంటే? ఇంకా పెద్ద చక్రం కావాలి. ఎంత పెద్దది? కాలు అందేంత. అంటే పొడుగు కాళ్ళ వాడికి ఒక గేరు, పొట్టి కాళ్ళ వాడికి ఒక గేరు. దేవుడిచ్చిన గేరు, మార్చడానికి లేదు.

దాన్ని మార్చింది చైను. స్విట్జర్లండులో పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో రోలర్ చైను తయారు చేశాడు. 1885లో కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాడు. ఇందులో రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. ముందు పళ్ళ చక్రం పెద్దది, వెనకది చిన్నది. కాలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఒకటి కంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఇక కాలి పొడుగుతో పని లేదు, పళ్ళు లెక్క పెట్టుకుంటే చాలు. అయినా పాత అలవాటు పోలేదు. ఈ రోజుకీ ఇంగ్లండులో సైకిలు వాళ్ళు గేరుని అంగుళాల్లో చెప్పుకుంటారు. ఆ అంగుళాలు ఎప్పుడో మాయమైపోయిన పెద్ద చక్రం అడ్డుకొలత. మన ఇళ్ళల్లో తులం, వీశె అనే మాటలు మిగిలిపోయినట్టే ఇదీ మిగిలింది.

సైకిలుకి ఇంజను తగిలించాక కథ కొంచెం వెనక్కి నడిచింది. తొలి మోటారు సైకిళ్ళలో చాలావాటికి చైను లేదు, తోలు బెల్టు ఉండేది. గేరు ఒక్కటే. సమంగా ఉన్న నేల మీద బాగానే పోయేది. కొండ వచ్చిందంటే దిగి పక్కన పరిగెత్తాలి, లేదా పెడలు తొక్కి సాయం చెయ్యాలి. కొన్ని బండ్లలో ఇంజను పుల్లీ వెడల్పు మార్చుకోవచ్చు. కొండ కింద ఆగి, పనిముట్లు తీసి, పుల్లీ సర్ది, మళ్ళీ ఎక్కేవారు. పైకి చేరాక మళ్ళీ ఆగి పాత కొలతకి తెచ్చేవారు. ఎక్కడానికి ఒక గేరు, సాఫీగా పోవడానికి ఒక గేరు అనే ఆలోచన అప్పుడే పుట్టిందన్నమాట. కానీ మార్చడం అంటే సగం మెకానిక్ పని.

1908 ప్రాంతంలో జెనిత్ అనే కంపెనీ గ్రాడువా అనే బండి తెచ్చింది. ఒక పిడి తిప్పితే పుల్లీ వెడల్పు మారేది, అదే సమయంలో బెల్టు వదులు కాకుండా వెనక చక్రం ముందుకీ వెనక్కీ జరిగేది. నడుస్తూ ఉండగానే గేరు మార్చుకోవచ్చు. కొండ ఎక్కే పోటీల్లో ఈ బండ్లు ఎంత గెలిచాయంటే, కొన్ని క్లబ్బులు వీటిని రానివ్వడం మానేశాయి. కంపెనీ ఏం చేసిందో తెలుసా? "నిషేధించబడింది" అనే మాటని తమ గుర్తుగా ప్రకటనల్లో వేసుకుంది. ఇంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది.

అసలు మలుపు 1911లో. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో టీటీ పందేన్ని ఆ ఏడాది మొదటిసారి కొండ దారిలో పెట్టారు. స్నేఫెల్ కొండ మీదుగా పోయే దారి. పెద్ద బండ్ల పందెంలో మొదటి మూడు స్థానాలూ ఒకే కంపెనీకి వెళ్ళాయి, ఆ కంపెనీ పేరు ఇండియన్. మన దేశానికి సంబంధం లేదు, అది అమెరికా కంపెనీ. ఆ బండ్లకి బెల్టు బదులు చైను, రెండు వేగాల గేర్‌బాక్సు ఉన్నాయి. బెల్టు జారుతుంది, వానలో ఇంకా జారుతుంది. చైను జారదు. బెల్టు రోజులు అక్కడితో లెక్కలో పడ్డాయి. నిదానంగా అందరూ చైనుకీ, పళ్ళ చక్రాలకీ వచ్చారు.

చైను వచ్చాక గేరు అంటే పళ్ళ లెక్క అయిపోయింది. బ్రిటిష్ కంపెనీలు తమ బండ్ల పుస్తకాల్లో రెండు లెక్కలు ఇచ్చేవి: ఒంటరి బండికి ఇన్ని పళ్ళు, సైడ్‌కారు తగిలిస్తే ఇన్ని. సైడ్‌కారులో భార్యా పిల్లలూ సామానూ ఉంటారు కాబట్టి ఇంజనుకి పళ్ళు తక్కువ ఉన్న స్ప్రాకెట్ వేసేవారు. బలం ఎక్కువ, వేగం తక్కువ.

ఇందులో నాకు బాగా నచ్చింది విన్సెంట్ కంపెనీ చేసిన పని. స్టీవనేజ్ ఊళ్ళో తయారైన ఆ బండికి 998 సీసీ ఇంజను. వెనక చక్రానికి రెండు వైపులా స్ప్రాకెట్ పెట్టుకునే వీలు ఉంది. చక్రాన్ని పనిముట్లు లేకుండా చేత్తోనే విప్పవచ్చు. విప్పి తిరగేసి పెడితే ఒంటరి గేరు సైడ్‌కారు గేరు అవుతుంది. దోసె తిరగేసినట్టు. మామూలుగా ఆ బండి టాప్ గేరులో నిష్పత్తి మూడున్నరకి ఒకటి. అంటే వెనక చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను మూడున్నర చుట్లు తిరుగుతుంది. గంటకి 70 మైళ్ళ వేగంలో కూడా ఇంజను నిమిషానికి సుమారు 3,200 చుట్లే. పెద్ద ఇంజను కాబట్టి సాధ్యమైంది. చిన్న ఇంజనుకి ఇదే గేరు పెడితే లాగలేదు. విన్సెంట్ బండ్ల తయారీ 1955 చివర్లో ఆగిపోయింది. అదే 1955లో మద్రాసులో ఇంకో కథ మొదలైంది.

రెడిచ్ అనే ఊరు నేనుండే బర్మింగ్‌హామ్‌కి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకప్పుడు సూదులు తయారు చేసే ఊరు. ఆ సూదుల వ్యాపారంలోంచి పుట్టిన సైకిళ్ళ కంపెనీయే రాయల్ ఎన్‌ఫీల్డ్ అయింది. ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ పక్కన తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరి పేరు. ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసి ఇచ్చారు కాబట్టి పేరు అలా వచ్చింది. 1932లో బుల్లెట్ అనే పేరు పెట్టారు. 1950ల మొదట్లో భారత ప్రభుత్వం సైన్యం కోసం 350 సీసీ బుల్లెట్లు కొనింది. తర్వాత 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. ఫ్యాక్టరీ మద్రాసు ఉత్తర అంచున తిరువొత్తియూరులో. మొదట విడిభాగాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి, అక్కడ బిగించేవారు. 1960ల మొదట్లోనే మొత్తం బండి అక్కడే తయారవడం మొదలైంది.

మద్రాసు బుల్లెట్ 350 లెక్క ఇది. ఇంజను వైపు స్ప్రాకెట్ 25 పళ్ళు, క్లచ్చు వైపు 56. గేర్‌బాక్సు దగ్గర 16, వెనక చక్రం దగ్గర 38. టాప్ గేరులో గేర్‌బాక్సు ఏమీ మార్చదు. ఇవన్నీ గుణిస్తే 5.32 వస్తుంది. వెనక చక్రం ఒక చుట్టుకి ఇంజను అయిదు చుట్ల కంటే ఎక్కువ. విన్సెంట్‌తో పోల్చి చూడండి.

ఇంత బరువు గేరు ఎందుకంటే, అప్పటి మన రోడ్లకి అదే సరైనది. సైన్యం కొండల్లోకి తీసుకెళ్ళాలి. పోలీసు వెనక ఇంకో పోలీసు ఎక్కాలి. పల్లెల్లో మనుషులతో పాటు బస్తాలు ఎక్కాలి. ఎద్దుబండి వెనక నడిచి, గేదెలు దాటాక మళ్ళీ లాగాలి. గంటకి 50 కిలోమీటర్లు ఆపకుండా పోగలిగిన రోడ్డు ఉంటే గొప్ప. ఆ వేగంలో ఇంజను 2,200 చుట్ల దగ్గర డుగు డుగు అంటూ హాయిగా ఉంటుంది. కాబట్టి 16 పళ్ళు పెట్టినవాళ్ళకి ఏమీ తెలియదని నేను అనుకోను. వాళ్ళకి వాళ్ళ రోడ్డు బాగా తెలుసు.

ఇటు ఇంగ్లండులో రోడ్డు మారిపోతోంది. 1958 డిసెంబరులో ప్రెస్టన్ పక్కన మొదటి మోటర్‌వే తెరిచారు. 1959 నవంబరు 2న ఎం1 తెరిచారు. వేగానికి హద్దు లేదు. అప్పటిదాకా ఇంగ్లండులో రోడ్డంటే మలుపులు, ఊళ్ళు, పబ్బులు. బండి కాసేపు పరిగెత్తి కాసేపు ఆగేది, ఇంజనుకి చల్లారే సమయం దొరికేది. మోటర్‌వే మీద ఆ విశ్రాంతి లేదు. మొదటి రోజుల్లో ఎన్నో కార్లు వేడెక్కి దారి పక్కన ఆగిపోయాయి. 1965 డిసెంబరు 22న గంటకి 70 మైళ్ళ హద్దు పెట్టారు, 1967లో దాన్ని ఖాయం చేశారు. అదే హద్దు ఇప్పటికీ ఉంది.

1959లోనే మినీ కారు కూడా వచ్చింది. నాలుగు చక్రాలు, తలుపులు, పైకప్పు అందరికీ అందే ధరలో దొరికాక సైడ్‌కారు ఎవరికి కావాలి? సైడ్‌కార్లు విప్పేశారు. సైడ్‌కారు పళ్ళతోనే ఉండిపోయిన బండి మోటర్‌వే ఎక్కితే ఇంజను గోల పెడుతుంది. పళ్ళు మార్చుకోవడం అప్పుడు అవసరం అయింది, సరదా కాదు.

రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1970కి ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ పూర్తిగా ఆగిపోయింది. మద్రాసులో మాత్రం బుల్లెట్ అలాగే తయారవుతూనే ఉంది. 1977లో ఆ బుల్లెట్లు ఇంగ్లండుకి ఎగుమతి అవడం మొదలైంది. తల్లి ఊరికి తిరిగి వచ్చిన పిల్ల. కానీ ఆ పిల్ల నెల్లూరు రోడ్డుకి తగిన పళ్ళతో వచ్చింది, ఇక్కడ ఎదురుగా ఎం1 ఉంది.

లెక్క వేద్దాం. బుల్లెట్ వెనక చక్రం ఒక చుట్టుకి సుమారు 2.05 మీటర్లు పోతుంది. 70 మైళ్ళు అంటే గంటకి 112 కిలోమీటర్లు. ఆ వేగానికి ఇంజను నిమిషానికి సుమారు 4,850 చుట్లు తిరగాలి. ఈ ఇంజనుకి ఉన్న 18 గుర్రాల బలం మొత్తం వచ్చేది 5,625 దగ్గర. అంటే కొన ఊపిరికి దగ్గరగా గంటల తరబడి పరుగు. పిస్టను ఒక్కసారి పైకో కిందికో పోవడానికి 90 మిల్లీమీటర్లు. నిమిషానికి అది 870 మీటర్ల దూరం తిరుగుతుంది. దాని అడుగున ఉన్న బేరింగు, అంటే కనెక్టింగ్ రాడ్ కింది చివర బిగ్ ఎండ్ అనేది, ఈ బండ్లలో రోలర్లతో కాదు, తేలే బుష్‌తో చేసింది. నూనె పొర మీద తేలుతూ ఉండాలి. నూనె పంపు ఇచ్చే నూనె ఎక్కువేమీ కాదు. నిదానంగా పోతే ఏళ్ళ తరబడి బతికే బుష్ ఇలాంటి పరుగులో కరిగిపోతుంది.

అందుకే ఇంగ్లండులో బుల్లెట్ కొన్నవాళ్ళు 16 తీసేసి 17, 18, కొందరు 19 పళ్ళు కూడా వేశారు. ఇంజనుకి బలం పెరగలేదు, ఆయుష్షు పెరుగుతుందని ఆశ.

ఈ పని చెయ్యడం అంత సుళువు కాదు. వెనక స్ప్రాకెట్ మార్చడానికి లేదు, అది బ్రేకు డ్రమ్ముతో కలిపి ఒకే ముక్కగా పోసింది. ముందుది మార్చాలి. ముందుది క్లచ్చు వెనక దాక్కుని ఉంటుంది. ప్రైమరీ కవరు తియ్యాలి, నూనె కారుతుంది, క్లచ్చు విప్పాలి, లోపలి కవరు విప్పాలి, అప్పుడు కానీ ఆ పెద్ద నట్టు కనబడదు. చైను మాత్రం చాలాసార్లు పాతదే సరిపోతుంది. రెండు పళ్ళు పెరిగితే చైనుకి కావాల్సింది ఒక్క లింకు పొడుగే. వెనక చక్రం 8 మిల్లీమీటర్లు ముందుకి జరిపితే సరి.

నేను ఈ పాత సంగతులన్నీ వెతకడానికి కారణం మా మావయ్య. ఆయన బుల్లెట్ 1980ల్లోది. రాజమండ్రి నుంచి విశాఖపట్నం దాకా ఆయన దాని మీదే వెళ్తారు. పోయిన ఏడాది ఫోను చేసి, "ఒరేయ్, మీ ఊళ్ళో పద్దెనిమిది పళ్ళది దొరుకుతుందట కదా, వచ్చేటప్పుడు పట్రా" అన్నారు. నేను "ఎందుకు మావయ్యా, బాగానే ఉంది కదా" అంటే, "హైవే ఎక్కితే ఇది ఏడుస్తోందిరా" అన్నారు.

ఆయన చెప్పేది నిజం. ఎందుకంటే అక్కడి రోడ్డు కూడా మారిపోయింది. ఆయన ఆ బండి కొన్నప్పుడు మద్రాసు నుంచి కలకత్తా పోయే అయిదో నంబరు జాతీయ రహదారి రెండు వరసలది. ఎదురుగా లారీ వస్తే మట్టిలోకి దిగాలి. వాజపేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి పని మొదలుపెట్టాక నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, తుని, విశాఖ మీదుగా నాలుగు వరసలు వచ్చాయి, మధ్యలో డివైడరు. నంబరు కూడా మారి ఇప్పుడు 16. ఇంగ్లండులో బుల్లెట్‌కి 1977లో ఎదురైన ప్రశ్నే గోదావరి ఒడ్డున పాతికేళ్ళు ఆలస్యంగా ఎదురైంది.

గంటకి 80 కిలోమీటర్ల దగ్గర 16 పళ్ళతో ఇంజను సుమారు 3,460 చుట్లు. 17 పెడితే 3,260. 18 పెడితే 3,075. ఒక్కో పన్నుకి దాదాపు 6 శాతం. చూడ్డానికి చిన్నదే. కానీ ఒంటి సిలిండరు బండిలో చేతులకి, నడుముకి ఆ తేడా బాగా తెలుస్తుంది, వైబ్రేషన్ అంత తగ్గుతుంది.

అయితే రెండో వైపు ఉంది, దాని గురించి చాలామంది మాట్లాడరు. మావయ్య విశాఖ మాత్రమే వెళ్ళరు. అత్తయ్యని వెనక ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ రోడ్డు కూడా ఎక్కుతారు. పళ్ళు పెంచితే టాప్ గేరు ఒక్కటే మారదు, నాలుగు గేర్లూ మారతాయి. మొదటి గేరు కూడా పొడుగవుతుంది, కాబట్టి ఎత్తు మీద ఆగి కదలాలంటే క్లచ్చుని కాల్చాలి. ఈ బండిలో మూడో గేరుకీ నాలుగో గేరుకీ మధ్య దూరం పెద్దది. నాలుగులో లాగదు, మూడులో అరుస్తుంది. అప్పుడు సోమరితనంతో నాలుగులోనే ఉంచి పూర్తిగా రైజ్ చేస్తే ఇంకా ప్రమాదం. తక్కువ చుట్ల మీద ఎక్కువ బరువు పడితే ఆ తేలే బుష్ కింద నూనె పొర పలచబడుతుంది. ఏ బుష్‌ని కాపాడాలని పళ్ళు మార్చామో దాన్నే నలిపేస్తాం. ఎక్కువ చుట్లు తిప్పినా చస్తుంది, తిప్పకుండా బరువు మోయించినా చస్తుంది.

అందుకే నా అభిప్రాయం: 350కి 18 పళ్ళు ఒంటరిగా, సమమైన నేల మీద, ఓపికగా నడిపేవాళ్ళకి. 19 అనేది 500 సీసీ ఇంజనుకి తప్ప నాకు నమ్మకం లేదు. ఆ 500కి కంపెనీయే 17 ఇచ్చింది, అదే ఒక సూచన. మావయ్యకి ఇదంతా చెప్పాను. ఆయన కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే పదిహేడు పట్రా" అన్నారు. 17 పళ్ళది తీసుకెళ్ళాను. వాళ్ళ వీధి చివర మెకానిక్ ఒక పూటలో బిగించాడు. తుని దాకా వెళ్ళి వచ్చి, "ఏడుపు తగ్గింది, మూలుగు ఉంది" అన్నారు. మారేడుమిల్లి ఇంకా వెళ్ళలేదు, వర్షాలు తగ్గాలి.

కొత్త బుల్లెట్లకి ఈ గొడవ తక్కువ. అయిదో గేరు వచ్చాక ఎక్కడానికి ఒకటి, పరుగుకి ఒకటి అని వేరు చెయ్యడానికి చోటు దొరికింది. 2018లో వచ్చిన రెండు సిలిండర్ల 650కి ఆరు గేర్లు ఉన్నాయి, ఈ కంపెనీ బండికి ఆరు గేర్లు అదే మొదటిసారి. ఆరో గేరు నిదానమైన పరుగు కోసమే. ఆ బండి మీద పని చేసిన ఇంజనీర్లలో చాలామంది కూర్చునేది చెన్నైలో కాదు, ఇంగ్లండులో లెస్టర్‌షైరులో బ్రంటింగ్‌థోర్ప్ అనే పల్లెటూరి పాత విమానాశ్రయం దగ్గర. 2017లో కంపెనీ అక్కడ తన సాంకేతిక కేంద్రం తెరిచింది. ఆ గేటు నుంచి ఎం1 కొద్ది మైళ్ళే.